కర్రు వినే పేరు

ఇద్దరినీ మోసుకొస్తున్న గండభేరుండం గోళ్ళ పట్టు వదిలేసరికి కేదారుడు నదిలో పడ్డాడు, శబ్దనిధి పండితుడు ఒడ్డునున్న రేగుపొదలో పడ్డాడు. ఆయన అదృష్టం ఎప్పుడూ అంతే. నెల్లాళ్ళుగా ఇద్దరూ కలిసి తిరుగుతున్నారు గదా, వానొస్తే తడిసేది ఆయన, కుక్క తరిమితే చిరిగేది ఆయన పంచె.

కేదారుడు మునిగి తేలాడు గాని, కుడిచెయ్యి మాత్రం నీళ్ళకి అందకుండా పైకెత్తే ఉంచాడు. ఆ చేతిలో చిన్న గుడ్డమూట ఉంది. ఒడ్డు ఇంకా పది బారల దూరం ఉందనగా, పక్కన తేలుతున్న దుంగ ఒకటి కళ్ళు తెరిచింది. దుంగలకు కళ్ళుండవని అతనికి తెలుసు. మొసలి నోరు తెరిచేలోగా ఎడమచేతిలోని ముల్లుగర్రతో దాని ముక్కుమీద ఒక్క పోటు పొడిచి, "హోయ్, పక్కకి జరుగు" అని ఎద్దును అదిలించినట్టు అదిలించాడు. పుట్టి బుద్ధెరిగాక తనతో ఎవరూ అలా మాట్లాడి ఎరగని ఆ మొసలి తెల్లబోయి, నిజంగానే పక్కకి జరిగింది.

"పంతులుగారూ, బతికున్నారా?" అంటూ కేదారుడు ఒడ్డెక్కాడు.

"రేగు, బదరి, కోల, కర్కంధువు," అని పొదలోంచి జవాబు వచ్చింది. "ఈ దిక్కుమాలిన చెట్టుకి నాలుగు పేర్లున్నాయి నాయనా. నాలుగూ నా వీపులో దిగబడ్డాయి."

కేదారుడు ఆయన్ని బయటికి లాగి, ముందుగా మూట విప్పి చూసుకున్నాడు. లోపల పిడికెడు మట్టిబెడ్డ చల్లగా, చెమ్మగా ఉంది. అమ్మయ్య అనుకున్నాడు. అది అతని అన్న పోలన్న పాదాల కింది మట్టి. అందులో చెమ్మ ఉన్నంతసేపూ అన్న ప్రాణం ఉన్నట్టు. చెమ్మ ఆరితే ఇక ఏ రాజవైద్యుడూ చెయ్యగలిగింది లేదు.

అసలు సంగతి ఇది. ధాన్యవతి రాజ్యంలో ఏటేటా ఏరువాక పున్నమినాడు రాజుగారు బంగారు కర్రు తొడిగిన నాగలితో మొదటి చాలు తీస్తారు. ఆ తరువాతే ఊళ్ళన్నీ విత్తులకు అరకలు కడతాయి. ఆ కర్రును ఊషరాక్షుడనే మాంత్రికుడు ఎత్తుకుపోయాడు. వాడు నడిచినచోట నేల ఉప్పుతేలి చౌడు బారిపోతుంది. కర్రు పోయిన నాటినుంచి రాజ్యంలో ఏ నాగలీ నేలలో దిగలేదు. దొంగను చూసి వేసవి దుక్కిలో ఉన్న పోలన్న ఎద్దులతో సహా అడ్డంపడ్డాడు, ఎద్దులతో సహా రాయైపోయాడు. మాంత్రికుడు నవ్వి, "ఈ పనిముట్టుకు మనిషి పెట్టిన తొలిపేరు ఏమిటో తెలుసుకుని, ఏరువాక పున్నమి చంద్రుడు పొడిచేలోగా నా కోటలో చెప్పినవాడికి కర్రు దక్కుతుంది, ఆ కర్రు చాలు వీడి పాదాలు చేరితే వీడు లేస్తాడు. లేకపోతే ఈ రాయి మట్టిలో మట్టి" అని మాయమయ్యాడు.

పోలన్నంటే కేదారుడికి అన్న మాత్రమే కాదు. అమ్మా నాన్నా లేని పిల్లవాణ్ణి భుజాన వేసుకుని దుక్కి దున్నినవాడు. "మేడి మీద వాలకురా, చాలు వంకరపోతుంది" అని, తను నాగలి పిడి పట్టినప్పుడల్లా, పదిసార్లు సణిగే అన్న. ఆ సణుగుడు వినక నెల్లాళ్ళయింది. ఇవాళే ఏరువాక పున్నమి, పొద్దు అప్పుడే బారెడెక్కింది.

రాజుగారు తోడిచ్చిన పండితుడు మాటలకు పుట్టుకలు చెప్పడంలో దిట్ట. ఇద్దరూ నాలుగు పరాయి రాజ్యాలు చుట్టబెట్టారు. గిరిమేఖలలో నాగలిని నేగిలు అన్నారు. అక్కడ పెళ్ళి మాటల్లో పిల్లవాడి గురించి అడిగేది ఒక్కటే, నేగిలు పట్టాడా అని. శుక్తితీరంలో నాంజిలు అన్నారు. అక్కడ ఒక సీమకు సీమే ఆ పేరు పెట్టుకుని మీసం మెలేస్తుంది. నల్లనేలల కృష్ణభూమిలో నాంగరు అన్నారు. వాళ్ళకు దున్నకం మొత్తానికి అదే మాట. వేదవాటిలో లాంగలం అన్నారు, దానికి తాటిచెట్టనే అర్థం కూడా ఉందని చెప్పి పండితుణ్ణి ఆనందపరిచారు.

"ఇంకేం కావాలి?" అన్నాడు శబ్దనిధి ముళ్ళు పీక్కుంటూ. "లాంగలం తల్లి. నాగలి, నేగిలు, నాంజిలు, నాంగరు నలుగురు కూతుళ్ళు. ముఖాలు చూస్తే తెలియడం లేదూ? తిన్నగా కోటకి పోయి చెప్పేద్దాం."

"తల్లికి తల్లి ఉండదా పంతులుగారూ?"

"దేవభాషకి తల్లేమిటిరా, అప్రాచ్యుడా?"

ఈ తగువు వాళ్ళకి రోజూ ఉన్నదే. ఐదు రాజ్యాల్లోనూ పేర్లు మారాయి గాని మారనిది ఒకటుంది. పడుకోబెట్టిన నాగలిని గాని కాడిని గాని ఎవరూ దాటరు, పక్కనుంచి చుట్టి వెళతారు. ఆలోచనల్లో మునిగి నడిచే పండితుడు ప్రతి దేశంలోనూ దాటాడు, ప్రతి దేశంలోనూ ఆ దేశభాషలో తిట్లు తిన్నాడు. నేర్చుకున్న కొత్తమాటల్లో సగం ఆయనకు అలా వచ్చినవే.

నదిగట్టునుంచి కొండ మొదలైంది. అడవి అంటే అదీ అడవి. మద్దిచెట్లు ఆకాశాన్ని పంచుకుని నిలబడ్డాయి, వాటి మొదళ్ళకు అడ్డతీగెలు అల్లుకున్నాయి, తేనెపట్లు కుండల్లా వేలాడుతున్నాయి, ఎక్కడో జలపాతం ఒకటి తనలో తాను మాట్లాడుకుంటోంది. ఆ చల్లటి నీడలో ఒక అవ్వ గొంతుక్కూర్చుని కందదుంప తవ్వుతోంది. ఆమె పక్కన మొన చెక్కిన కర్ర ఒకటి పడి ఉంది. పండితుడు జలపాతానికి పర్యాయపదాలు నెమరువేసుకుంటూ ఆ కర్రను దాటేశాడు.

అవ్వ తలెత్తకుండానే ఆ కర్ర అందుకుని ఆయన పిక్కమీద ఒక్కటిచ్చింది.

"కళ్ళు నెత్తికెక్కినాయేటి బాబూ నీకు? సుట్టూ తిరిగెల్లలేవా?"

"ఇది ఆరోది," అన్నాడు పండితుడు పిక్క పట్టుకుని.

కేదారుడు నవ్వబోయి ఆగాడు. అవ్వ నాగలితో దున్నే మనిషి కాదు. ఆ కొండమీద ఎద్దన్నదే లేదు. అయినా దాటకూడదన్న పట్టింపు ఇక్కడా ఉంది. అతను పక్కనుంచి చుట్టి వెళ్ళి, ఆమె ఎదురుగా కూర్చున్నాడు. అవ్వ అరచేత్తో నేలను మెల్లగా తట్టింది, కర్రను ముద్దుగా పలకరించి మొన దించింది. దుంప బయటికి రాగానే దాని తలకాయ కోసి మళ్ళీ అదే గోతిలో పెట్టి మన్ను కప్పింది. పోలన్న కూడా అంతే, అరక కట్టేముందు నేలను తట్టందే మేడి పట్టడు.

"అవ్వా, ఆ కర్రని ఏమని పలకరించావు?"

"నంగెలు. దాని పేరే అది. నానెట్టింది కాదు, మా తాతల తాతలెట్టినారు. కిందోళ్ళు దీనికి ఇనప మూతి తొడిగినారు, ఎద్దుల్ని కట్టినారు. పేరు మాత్రం ఒగ్గీలేకపోనారు."

నాగలి, నేగిలు, నాంజిలు, నాంగరు, లాంగలం. కేదారుడు ఐదింటినీ ఆ పేరు పక్కన పెట్టి మనసులోనే పలికి చూసుకున్నాడు. ఐదూ దానికే అతికాయి. పండితుడు మాత్రం ముక్కు ఎగరేశాడు.

"ఆకులు కట్టుకుని దుంపలు తినేవాళ్ళ మాట శాస్త్రంలోకి వచ్చిందంటావా? మరి లాంగలం మాటేమిటి?"

"మా పిల్ల మీ ఇంటి కోడలైనాది," అంది అవ్వ. "సీర మారినాది, మాట తీరు మారినాది. నడక మారతాదా? నీ లాంగలం కూడా ఇలాగే వంగి నేల తవ్వుతాది కదా."

కేదారుడు అన్న సంగతి మొత్తం చెప్పాడు. అవ్వ ఆ మట్టిబెడ్డను తాకి చూసి, తన కర్రను అతని నడుముకు దోపింది.

"ఆ పేరు గొంతు సించుకుని అరిస్తే పలకదు బాబూ. కూకోవాల, మన్ను తాకాల, పడుకున్న బిడ్డని లేపినట్టు పిలవాల. నీకన్నా ముందు ఒకడొచ్చినాడు. మూడు మాట్లు మూడు వేసాలేసుకుని పేరు సెప్పమన్నాడు. సెప్పనేదు."

"వేషం వేసుకుంటే ఎలా పోల్చావు?"

"మొగం సూత్తే ఎలా తెలుస్తాది? కాళ్ళు సూసినాను," అని అవ్వ మళ్ళీ దుంపల మీదికి వంగింది.

మధ్యాహ్నం తిరిగేసరికి ఇద్దరూ ఊషరాక్షుడి కోట ముందున్నారు. అది రాతికోట కాదు, ఉప్పుకోట. బురుజులు పటికబెల్లం ముక్కల్లా మెరుస్తున్నాయి. ఉప్పు స్తంభాల మీద ఉప్పు లతలు, ఉప్పు పూలు, రెక్క విప్పిన ఉప్పు నెమళ్ళు. చుట్టూ ఆమడ మేర గరికపోచైనా లేదు. పండితుడు అనుమానం తీర్చుకోవడానికి గోడను నాకి చూసి, ముఖం చిట్లించాడు.

సింహద్వారానికి ఐదు పెద్ద రాతితలలు ఉన్నాయి. తలపాగాల తీరును బట్టి ఒక్కొక్కటి ఒక్కొక్క రాజ్యపు రైతుదని తెలిసిపోతోంది. వీళ్ళూ మాంత్రికుడికి అడ్డం వెళ్ళినవాళ్ళే. మనిషి దగ్గరికి రాగానే ఐదు నోళ్ళూ నిప్పులు కక్కడానికి తెరుచుకున్నాయి.

కేదారుడు ఆగలేదు. మొదటి తలవైపు చెయ్యి ఊపి, ఊరి కరణాన్ని పలకరించినంత తేలిగ్గా, "మామా, నేగిలు కట్టావా?" అన్నాడు. నిప్పు గొంతులోనే ఆగింది. రెండో తలను నాంజిలు ఎలా ఉందని అడిగాడు. మూడో తలను నాంగరు పదును పెట్టించావా అని అడిగాడు. నాలుగో తల వేదవాటిది, దానికి పండితుడే ముందుకొచ్చి లాంగలాన్ని స్వరంతో సహా వినిపించాడు. ఐదోది ధాన్యవతి తల. దాని ముందు కేదారుడు తల వంచాడు. "మన నాగళ్ళు నేలలో దిగడం లేదు బాబాయ్. దిగేలా చేస్తా, దారివ్వు."

ఎన్నేళ్ళయిందో ఆ తలలు సొంత ఊరి మాట విని. ఐదు జతల రాతికళ్ళలో నీళ్ళు తిరిగాయి. తలుపులు చప్పుడు లేకుండా తెరుచుకున్నాయి.

లోపలి మహామండపంలో దేశదేశాలనుంచి దోచుకొచ్చిన నాగళ్ళు, కాళ్ళు విరిగిన గొర్రులు, కాడి మాన్లు నేలంతా పరిచి ఉన్నాయి. వాటికి అవతల ఉప్పుగద్దె మీద బంగారు కర్రు. గద్దె పక్కన గొలుసులతో ఒక మనిషి. అతను తలెత్తాడు.

అదే నుదుటిమీది గాటు, అవే నెరిసిన మీసాలు. పోలన్నే.

"తమ్ముడూ," అని ఆ గొంతు పిలిచేసరికి కేదారుడి కళ్ళు చెరువులయ్యాయి. ముల్లుగర్ర చేతిలోంచి జారింది. రెండు చేతులూ చాచాడు.

"వచ్చావురా నా తండ్రీ. నన్ను రాయిలోంచి లేపి ఇక్కడ కట్టేశాడురా. ఇప్పుడు వాడు లేడు, బయటికి పోయాడు. తొలిపేరు తెలిసిందా? ఆ పేరుతో పిలిస్తే కర్రు చెప్పినట్టు వింటుంది, నా గొలుసులు తెంపుతుంది. నా చెవిలో చెప్పు," అంటూ పోలన్న గొలుసు ఈడ్చుకుంటూ ఆత్రంగా వచ్చాడు. దారికి అడ్డంగా ఒక కాడి ఉంది. దాన్ని దాటాడు. దాని వెనక ఒక నాగలి ఉంది. దాన్నీ దాటాడు.

కేదారుడి చాచిన చేతులు చాచినట్టే ఉండిపోయాయి. ఏడేళ్ళప్పుడు తను ఆడుతూ ఆడుతూ నాగలిని దాటితే, ఇదే ముఖం ఎర్రబడి తనచేత దండం పెట్టించింది, ఆ రోజంతా తనతో మాట్లాడలేదు. పోలన్న ప్రాణం పోతున్నా కాడిని దాటడు. ముఖం చూస్తే ఎలా తెలుస్తుందన్న అవ్వ మాట గుర్తొచ్చింది. పందెం కట్టింది ఎందుకో కూడా ఇప్పుడు అర్థమయింది. వాడికి పేరు తెలియదు. ఎవరూ వాడికి చెప్పలేదు. అందుకని తనను ఊరూరా తిప్పి తెప్పించుకున్నాడు.

అయినా కేదారుడు ఆ మనిషిని గట్టిగా కౌగిలించుకున్నాడు. చెవి దగ్గర నోరు పెట్టి, "లాంగలం అన్నా" అన్నాడు.

ఆ మనిషి విదిలించుకుని గద్దెవైపు తిరిగి, కోట అదిరేటట్టు "లాంగలం" అని గర్జించాడు.

"చెప్పానా?" అన్నాడు పండితుడు పరమానందంతో. "నెల్లాళ్ళనుంచీ మొత్తుకుంటున్నాను."

బంగారు కర్రు మర్యాదకి కొంచెం మొన ఎత్తి చూసింది. కూతురి పేరుతో పిలిస్తే తల్లి లేచి వస్తుందా? మళ్ళీ పడుకుంది. పండితుడి ముఖంలో వెలుగు కూడా దాంతోపాటే పడుకుంది. ఆ ఉక్రోషంలో మాంత్రికుడి వేషం జారిపోయింది. నెరిసిన మీసాలు రాలి, తెల్లటి పొలుసుల ముఖం, రెప్పలు లేని కళ్ళు బయటపడ్డాయి.

"పంతులుగారూ, ఆ స్తంభం చాటుకి పొండి," అని కేదారుడు ముల్లుగర్ర అందుకుని ఊషరాక్షుడి కాళ్ళ సందునుంచి దూరిపోయాడు. వెనక ఉప్పు వడగళ్ళు కురిశాయి. అవి తగిలినదల్లా రాయవుతోంది. అతని ఉత్తరీయం చెంగు రాయై విరిగిపడింది. కాడికీ కాడికీ మధ్యనుంచి పాములా మెలికలు తిరుగుతూ, అప్పుడు కూడా ఒక్కదాన్నీ దాటకుండా, గద్దె చేరి గొంతుక్కూర్చున్నాడు. నేల తాకబోయి ఉలిక్కిపడ్డాడు. కింద మట్టి లేదు, అంతా ఉప్పే.

మట్టి ఉన్నది ఒక్క మూటలోనే.

ఆ ఉప్పుమీద పెడితే బెడ్డలో చెమ్మ ఎంతసేపుంటుంది? కేదారుడికి చెయ్యి రాలేదు. వెనక ఊషరాక్షుడి అడుగులు దగ్గరపడుతున్నాయి. "అన్నా, నన్ను క్షమించు" అని బెడ్డను ఉప్పుమీద పెట్టి, దానిమీద అరచెయ్యి ఆనించి, నిద్రపోతున్న పసిపిల్లను లేపినట్టు, "నంగెలూ, లే అమ్మా" అన్నాడు.

కర్రు లేచింది. గిర్రున తిరిగి వచ్చి, కేదారుడు నడుమునుంచి తీసిన అవ్వ కర్ర మొనకు తనంతట తనే తొడుక్కుంది. ఆ కర్ర వంగి నాగలయింది, పైన మేడి మొలిచింది. కేదారుడు బెడ్డను లాక్కున్నాడు. సగం అప్పటికే పొడిబారింది.

"ఎక్కండి పంతులుగారూ."

"ఎక్కడ ఎక్కను?"

"బురదపొలం చదును చేసేటప్పుడు దమ్ముపట్టె మీద బరువుకి నిలబడతారే, అలా."

పండితుడు నాగలి ముందు కొయ్యమీద ఎక్కి కళ్ళు మూసుకున్నాడు. ముల్లుగర్రను చంకలో ఇరికించి కేదారుడు మేడి పట్టాడో లేదో, ఎద్దులు లేకుండానే నాగలి మండపాన్ని చీల్చుకుంటూ దూసుకుపోయింది. ఉప్పు నెమళ్ళు పిండిపిండిగా ఎగిరాయి. వాళ్ళు గడప దాటిన మరుక్షణం ఐదు తలలూ ఒక్కసారి పళ్ళు కొరికినట్టు సింహద్వారం మూసుకుంది. వెనక ఊషరాక్షుడు దాన్ని బద్దలుకొట్టే చప్పుడు ఉరుములా వినబడుతోంది. ఆ కాస్త వ్యవధి చాలా పనికొచ్చింది.

ఇక ఆ పరుగు ఏమని చెప్పాలి! కొండలు పక్కకి ఒరిగాయి, నదులు పాయలై దారిచ్చాయి. వేదవాటి వీధుల్లో పిల్లలు లాంగలం లాంగలం అంటూ వెంటబడ్డారు. కృష్ణభూమి రైతులు నాంగరు వచ్చిందని తలపాగాలు ఎగరేశారు. శుక్తితీరంలో చేపలబుట్టలు వదిలేసి నాంజిలు చూడటానికి వచ్చారు. గిరిమేఖలలో ముసలివాళ్ళు నేగిలుకు దండం పెట్టారు. పేరు ఏదైతేనేం, నాగలి అందరికీ తల ఊపింది. వెనక మిగిలిన చాలు పొడవునా, నెల్లాళ్ళుగా గట్టిపడిన నేల కమ్మగా వాసన వేసింది.

ధాన్యవతి పొలిమేర చేరేసరికి పొద్దు చెట్ల చాటుకి దిగింది. అప్పుడు వెనకనుంచి గొంతు వినిపించింది.

"తమ్ముడూ, ఆగరా. ఒళ్ళు రాలిపోతోంది. ఒక్కసారి వెనక్కి చూడు."

పోలన్న గొంతే. కేదారుడికి తెలుసు, అది ఊషరాక్షుడే. తెలిసినా మెడ సగం తిరిగింది. దున్నేవాడు చాలు మధ్యలో ఆగడు, వెనక్కి తిరగడు. పళ్ళు బిగబట్టి మేడి నొక్కాడు. నడుము దగ్గర మూటలోంచి ఏదో పిండిలా కారుతోంది.

సొంత పొలంలోకి నాగలి అడుగుపెట్టింది. ఎదురుగా రాతి ఎద్దులు, వాటి వెనక రాతి పోలన్న. తూర్పున ఆకాశం పండుతోంది, చంద్రుడి అంచు కనబడటమే తరువాయి. నాగలి తిన్నగా వచ్చి ఆ రాతిపాదాల ముందు ఆగింది. కేదారుడు మూట విప్పాడు. బెడ్డ లేదు. పొడి మాత్రం ఉంది. అది వేళ్ళ సందుల్లోంచి జారి కొత్తచాలులో పడిపోయింది. చంద్రుడు పొడిచాడు.

రాయి కదల్లేదు.

పండితుడు కొయ్య దిగి చాలు పక్కన కూలబడ్డాడు. కేదారుడు మేడిమీద తల వాల్చి, చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. చాలులో పడిన పొడిని కొత్తమట్టి చెమ్మ మెల్లగా తనలో కలుపుకుంటోంది. అది అతను చూడలేదు.

"మేడి మీద వాలకురా అని ఎన్నిసార్లు చెప్పాలి నీకు?"

కేదారుడు తల ఎత్తలేదు. ఈ గొంతును ఇవాళ రెండుసార్లు విన్నాడు, రెండుసార్లూ మోసపోబోయాడు. కానీ ఇది ముందునుంచి వచ్చింది. దించిన కళ్ళతోనే చూశాడు. ఎదురుగా రెండు పాదాలు, పగుళ్ళలో తడిమట్టి. నాగలి అడ్డంగా ఉంది. ఆ పాదాలు దాని దగ్గరికి వచ్చి ఆగాయి, పక్కకి తిరిగాయి, చుట్టూ నడిచి తన దగ్గరికి వచ్చాయి.

"అన్నా," అన్నాడు కేదారుడు.

పోలన్న తమ్ముడి తల తన భుజానికి అదుముకుని, ఐదు రాజ్యాల మేర తీసిన ఆ చాలువైపు చూశాడు. ఉన్నంత మేరా వంకరే. దాని చివర తెల్లటి దుమ్ము లేచి ఆకాశాన్ని కమ్మేస్తూ ఇటే వస్తోంది. ఎద్దులు అప్పుడే చెవులు ఆడించాయి.

"ఆ వచ్చేదెవడోగాని మన చాలు తొక్కుకుంటూ వస్తున్నాడు," అని పోలన్న తమ్ముడి చంకలోంచి ముల్లుగర్ర తీసుకున్నాడు. "ఎద్దుల్ని కట్టు."